నంబరుకీ నీరసానికీ పేచీ వస్తే
తమిళనాడు మెడికల్ కౌన్సిల్‌కు ఒక థైరాయిడ్ పేషెంటు బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి, గౌరవ సభ్యులకు,

చెన్నై వెస్ట్ మాంబలంలో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. చాలా ఏళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. ఏ డాక్టరు మీదా ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. థైరాయిడ్ మాత్ర డోసు ఎప్పుడు మార్చాలి, దేన్ని చూసి మార్చాలి అన్న విషయంలో మీ దగ్గర నమోదైన డాక్టర్లకు మీరు ఒక మాట చెప్పాలని అడగడానికి రాస్తున్నాను.

మీ కౌన్సిల్‌కూ ఈ మందుకూ దాదాపు ఒకే వయసు. కౌన్సిల్‌కు మూలమైన మద్రాసు వైద్య నమోదు చట్టం 1914లో వచ్చింది. మద్రాసు రాజధానిలో ఉన్నన్నాళ్లూ మా తెలుగు జిల్లాల డాక్టర్లూ ఆ చట్టం కిందే నమోదయ్యారు. అదే 1914లో, క్రిస్మస్ నాడు, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాయిడ్ గ్రంథి నుంచి ఒక పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. అదే థైరాక్సిన్. ఈనాడు లెవోథైరాక్సిన్ పేరుతో ప్రతి మెడికల్ షాపులోనూ సీసాల్లో దొరుకుతోంది. మనవాళ్లకు ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్ అంటేనే తెలుస్తుంది.

ఇది ఏ కొద్దిమంది సమస్యో అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో చెన్నై ఉంది, హైదరాబాదూ ఉంది. మొత్తం మీద 10.95 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉందని తేలింది. చెన్నై, ముంబై, గోవాల్లో కాస్త తక్కువ. అయినా తొమ్మిది శాతం దాటింది. వీళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అంటే ఈ నగరంలో ఏ అపార్ట్‌మెంటు మెట్లెక్కినా పరగడుపున ఆ చిన్న మాత్ర మింగే మనిషి కనిపిస్తుంది.

ఈ మనిషికి క్లినిక్‌లో రెండు రకాల తీర్పులు దొరుకుతున్నాయి.

మొదటి రకం డాక్టరు రిపోర్టు చూస్తారు, మనిషిని చూడరు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే విలువ ల్యాబు వేసిన గీతల మధ్య ఉంటే చాలు, 'నార్మలేనమ్మా, అదే కంటిన్యూ చేయండి' అంటారు. నీరసం అంటే వయసంటారు, జుట్టు ఊడుతోందంటే చెన్నై నీళ్లంటారు, మనసు బాగోలేదంటే టెన్షన్ తగ్గించుకోమంటారు. రెండో రకం డాక్టరుకు నీరసం అన్న ఒక్క మాట చాలు. 'ఇరవై ఐదు మైక్రోగ్రాములు పెంచుదాం' అని చీటీ రాసిస్తారు. రిపోర్టు పాతదా కొత్తదా, మాత్ర ఎలా వేసుకుంటున్నావు అన్న ప్రశ్నే ఉండదు. ఈ రెండూ నాకు జరిగినవే, వేర్వేరు చోట్ల. మొదటిచోట నా మాట గోడకు చెప్పినట్టయింది. రెండోచోట డోసు పెరిగాక గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేకపోవడం వచ్చాయి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం. ఇవి ఒకరిద్దరి అలవాట్లు కావు కనకనే మీకు రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రిపోర్టూ ఒళ్లూ ఒకే మాట చెప్తే డోసు మార్చడం తేలిక. అవి చెరో మాట చెప్పినప్పుడు ఏదో ఒకదాన్ని నమ్మేసి డోసు మార్చడమో, మార్చకుండా పంపేయడమో వైద్యం అనిపించుకోదు. అప్పుడు డాక్టరు చేయాల్సిన పని ఆ పేచీకి కారణం వెతకడం. కారణం చాలాసార్లు దొరుకుతుంది, తరచూ అది మాత్రలో ఉండదు.

ముందు నంబరు పక్షాన మాట్లాడతాను. నంబరు లేని కాలం ఎలా ఉండేదో చరిత్రలో ఉంది. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక రోగికి సూదితో ఎక్కించాడు. ఒళ్లంతా ఉబ్బి, మాట మందగించిన ఆమె కోలుకుని, ఆ వైద్యం మీదే మరో 28 ఏళ్లు బతికి 1919లో కన్నుమూసింది. అన్నేళ్లలో ఆమెకు వాడిన రసం 870కి పైగా గొర్రెల నుంచి వచ్చిందని మర్రేనే రాసుకున్నాడు. కొలిచే పరికరమేదీ లేదు గనక అతనికి ఆమె ముఖం, మాట, నడకే కొలబద్దలు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా డాక్టర్లు ఎక్కువగా లక్షణాల మీదే నడిచారు. 1960లలో కూడా రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల డోసు మామూలు. 1965 ప్రాంతంలో రక్తంలో టీఎస్‌హెచ్ కొలిచే పద్ధతి వచ్చింది. దానితో చూస్తే చాలామంది అవసరానికి మించి మింగుతున్నారని బయటపడింది. క్రమంగా డోసులు 100–150 మైక్రోగ్రాములకు దిగాయి. 'బాగానే ఉన్నాను' అన్నవాళ్లలోనే ఎంతోమంది ఎక్కువ డోసు మీద ఉన్నారు. ఒళ్లు చెప్పే సాక్ష్యం ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

టీఎస్‌హెచ్‌కు అంత విలువ ఎందుకో కూడా చెప్పుకోవాలి. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో నిరంతరం చూసుకుంటూ, తక్కువైతే టీఎస్‌హెచ్ పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. రక్తంలో ఫ్రీ టీ4, అంటే స్వేచ్ఛగా తిరిగే థైరాక్సిన్, సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ సుమారు వంద రెట్లు పెరగగలదు. మనిషికి ఏమీ తెలియకముందే నంబరు కదులుతుంది. అంత సున్నితమైన కొలమానం వైద్యంలో అరుదు.

దాన్ని పట్టించుకోకుండా డోసు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో కూడా తెలుసు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో అరవై దాటినవాళ్లను పదేళ్లపాటు గమనించి 1994లో ఫలితం ప్రకటించారు. టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయినవాళ్లలో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. స్కాట్లండులోని టేసైడ్‌లో థైరాక్సిన్ వాడుతున్న 17,684 మందిని పరిశీలించిన 2010 అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది. టీఎస్‌హెచ్ 4 దాటినా, 0.03కి పడిపోయినా గుండె జబ్బులు, ఎముకలు విరగడం పెరిగాయి. గీతకు కాస్త కిందుగా, అంటే 0.04 నుంచి 0.4 మధ్య ఉన్నవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. అంటే నంబరు చెప్పే హద్దులు నిజమైనవే. ఆ హద్దుల లోపల కాస్త అటూ ఇటూ జరగడానికి చోటు ఉందన్నదీ నిజమే.

ఆ చోటులో డోసు అటూ ఇటూ జరిపితే ఒళ్లు తేడా చెప్తుందా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో 56 మంది పేషెంట్లకు ఏ సమయంలో ఏ డోసు ఇస్తున్నారో వాళ్లకూ డాక్టర్లకూ తెలియకుండా మూడు రకాల డోసులు మార్చి మార్చి ఇచ్చారు. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం లక్షణాల్లోనూ, హాయిలోనూ కొలవదగిన తేడా లేదు. అమెరికాలోని ఆరెగాన్‌లో 138 మందితో చేసి 2018లో ప్రకటించిన ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ పేషెంట్లు తమ డోసు పెరిగిందో తగ్గిందో సరిగా పట్టుకోలేకపోయారు. కానీ ఎక్కువ డోసు ఇచ్చారని ఏది అనుకున్నారో దాన్నే ఇష్టపడ్డారు. పేషెంటుగా ఇది నాకు చేదు మాట. అయినా దాచడం ధర్మం కాదు. 'ఇంకొంచెం పెంచితే బాగుంటానేమో' అన్న కోరిక మాలో బలంగా ఉంటుంది. ఆ కోరికకు లొంగి చీటీ రాసే డాక్టరు మాకు మంచి చేస్తున్నట్టు కాదు.

ఇక ఒళ్లు పక్షాన మాట్లాడనివ్వండి. ల్యాబు కాగితం మీద 0.4 నుంచి 4 అనో 4.5 అనో అచ్చు వేసే గీతలు జనాభా మొత్తానికి గీసినవి. ఒక్కో మనిషికి ఉండే సొంత పరిధి అంతకన్నా ఇరుకు. డెన్మార్కులో 16 మంది ఆరోగ్యవంతులకు ఏడాది పొడవునా నెలనెలా రక్తపరీక్షలు చేసి 2002లో ఈ సంగతి చూపించారు. ఒక మనిషి విలువలు తిరిగే మేర జనాభా పరిధిలో సుమారు సగమే. జబ్బు రాకముందు 1 దగ్గర ఉండే మనిషికి ఇప్పుడు 3.8 వస్తే కాగితం నార్మల్ అంటుంది, ఆ మనిషి ఒళ్లు అనకపోవచ్చు. అదే 2002లో ఇంగ్లండులో థైరాక్సిన్ వాడుతున్నవాళ్లను ప్రశ్నావళితో అడిగారు. టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నవాళ్లలో కూడా మామూలు జనం కన్నా మనోవేదన ఎక్కువగా ఉందని తేలింది. అంటే రిపోర్టు బాగుండి మనిషి బాగుండకపోవడం పేషెంట్ల ఊహ కాదు. 1999లో థైరాక్సిన్‌తో పాటు టీ3 అనే మరో థైరాయిడ్ హార్మోను కూడా కలిపి ఇస్తే మేలని 33 మంది మీద చేసిన ఒక ప్రయోగం చెప్పింది. తర్వాత వచ్చిన ప్రయోగాలు చాలావరకు దాన్ని సమర్థించలేదు. అయినా అమెరికా, బ్రిటన్, యూరప్ థైరాయిడ్ సంఘాలు మూడూ కలిసి 2021లో, బాగుపడని పేషెంట్ల కోసం ఇంకా మంచి ప్రయోగాలు జరగాలని అంగీకరించాయి. ప్రపంచ నిపుణులే తేలలేదంటున్న చోట, మన ఊరి క్లినిక్‌లో ఒక్క నిమిషంలో 'నీకేం లేదు' అనడం ఎలా సబబు?

అమెరికన్ థైరాయిడ్ సంఘం 2014 మార్గదర్శకాలు కూడా ఈ రెంటినీ ఒకే తాటి మీద పెట్టాయి. లక్షణాలు ఒక్కటే చూసి డోసు సరిపోయిందో లేదో తేల్చకూడదు, వాటిని వదిలేయనూ కూడదు, టీఎస్‌హెచ్‌తో కలిపి చూడాలి అన్నాయి. చెప్పడం తేలిక. మరి కలిపి చూడడం అంటే ఏమిటి? అది చెన్నై వంటింట్లో మొదలవుతుంది.

ఇక్కడ పొద్దున లేవగానే డికాక్షన్ దిగాలి. మాత్ర మింగి, గ్లాసు కింద పెట్టకముందే ఫిల్టర్ కాఫీ అందుకునే ఇళ్లు ఎన్నో. థైరాక్సిన్ పేగులోకి దిగడాన్ని కాఫీ అడ్డుకుంటుందని ఇటలీ పరిశోధకులు 2008లో చూపించారు. డోసు సరిపోతున్నా టీఎస్‌హెచ్ దిగని పేషెంట్లను చూశాకే వాళ్లకు ఈ అనుమానం వచ్చింది. ఆ తర్వాత వరసలో కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్ మాత్రలు ఉన్నాయి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం కావాలి. మోకాళ్ల నొప్పులని కాల్షియం, రక్తహీనత అని ఐరన్ వాడే ఇల్లాలు అన్నీ కలిపి ఒకేసారి మింగేస్తుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగి కనిపిస్తుంది. డాక్టరు డోసు పెంచుతారు. కొన్నాళ్లకు ఐరన్ కోర్సు అయిపోతుంది, పెంచిన డోసు మాత్రం అలాగే ఉండిపోతుంది. అప్పుడు మొదలవుతుంది గుండె దడ. ఇక్కడ నంబరు అబద్ధం చెప్పలేదు, ఆమె ఒళ్లూ చెప్పలేదు. అడగాల్సిన ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు.

కాఫీ మానలేనివాళ్లకు దారి లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో 90 మంది మీద చేసి 2010లో ప్రకటించిన ప్రయోగంలో రాత్రి పడుకునే ముందు వేసుకుంటే హార్మోను విలువలు మెరుగయ్యాయి. విచిత్రం ఏమిటంటే విలువలు మెరుగైనా పేషెంట్ల హాయి మాత్రం మారలేదు. నంబరూ ఒళ్లూ ఎప్పుడూ జోడుగా నడవవని అదొక పాఠం. మాత్రను ఎక్కడ దాచుకుంటున్నారన్నది కూడా లెక్కలోకే వస్తుంది. వేడికీ తేమకూ వెలుతురుకూ ఈ మందు బలం తగ్గుతుంది. ఈ ఊరి ఉక్కపోతలో, కత్తిరి ఎండల్లో, పొయ్యి పక్కన అరలో మూత వదులైన సీసాలో ఉన్న మాత్రకు కాగితం మీద రాసినంత బలం ఉండకపోవచ్చు.

రిపోర్టునే తప్పుదారి పట్టించేవీ ఉన్నాయి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు పెరిగారు. కొన్ని రకాల ల్యాబు యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీని మీద హెచ్చరిక జారీ చేసింది. జుట్టు రాలడం థైరాయిడ్ తక్కువైనందుకే కావచ్చు. దానికి బయోటిన్ వాడితే రిపోర్టు థైరాయిడ్ ఎక్కువైందంటుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే జుట్టు ఇంకా రాలుతుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపమని చెప్తే ఈ సుడిలో పడేవాళ్లే ఉండరు. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కాబట్టి ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం రక్తమిచ్చి రెండింటినీ పోల్చడం కూడా తప్పే. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి ఏడు రోజులు పడుతుంది. డోసు మార్చాక కొత్త మట్టం నిలకడగా కుదరడానికి ఆరు వారాలు కావాలి. మార్చిన పది రోజులకే పరీక్ష చేయిస్తే వచ్చేది సగం కథ. ఆ సగం కథ మీద మళ్లీ డోసు మారిస్తే ఇక దానికి అంతు ఉండదు.

టీఎస్‌హెచ్ అసలు మాట్లాడని సందర్భమూ ఉంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లులకు పిట్యూటరీ గ్రంథి దెబ్బతినవచ్చు. దాన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. మన దేశంలో ఇది పుస్తకాలకే పరిమితమైన జబ్బు కాదు. అలాంటి మనిషికి టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నా థైరాయిడ్ హార్మోను అడుగంటి ఉంటుంది. ఫ్రీ టీ4 చూడాలి, అంతకుముందు కాన్పు కథ అడగాలి. గర్భం నిలిచిన స్త్రీకి కొద్ది వారాల్లోనే డోసు పాతిక నుంచి ముప్పై శాతం దాకా పెంచాల్సి రావచ్చు. అప్పుడు లక్షణాల కోసం ఎదురుచూడకూడదు, నెలకోసారి నంబరు చూడాలి. డెబ్బై దాటిన పెద్దవాళ్లకు టీఎస్‌హెచ్ 4 నుంచి 6 దాకా ఉన్నా సరేనని ఆ 2014 మార్గదర్శకాలే చెప్పాయి. వాళ్లను కుర్రవాళ్ల గీతలోకి ఈడ్చితే గుండెకు ముప్పు. థైరాయిడ్ క్యాన్సరుకు ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి కావాలనే టీఎస్‌హెచ్ కిందికి దింపి ఉంచుతారు. ఒకే గీత అందరికీ గీయలేమని చెప్పడానికి ఇన్ని ఉదాహరణలు చాలు.

చివరగా నీరసం సంగతి. నీరసం థైరాయిడ్ సొత్తు కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం, 2019–21లో తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 53.4 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగానికి సగం మంది రక్తం చాలక నీరసపడుతున్న చోట నీరసం వినగానే థైరాక్సిన్ పెంచడం ఎంత గుడ్డి లెక్కో చూడండి. షుగరు, బి12 లోపం, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగడం, నెలసరి ఆగే వయసు, దిగులు జబ్బు, ఇవన్నీ థైరాయిడ్ వేషంలోనే వస్తాయి. యూరప్‌లో 65 దాటి, టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగిన 737 మందిలో కొందరికి థైరాక్సిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి 2017లో ఫలితం ప్రకటించారు. నీరసంలో తేడా రాలేదు. ఆ నీరసానికి కారణం వేరే చోట ఉందన్నమాట.

గ్రంథిని చేత్తో తడిమి చూసి, ల్యాబులో లెక్క కూడా కట్టిన సంప్రదాయం మనకు కొత్త కాదు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో గాయిటర్ అనే థైరాయిడ్ వాపు మీద అధ్యయనం మొదలుపెట్టారు. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు పంపి, ఏళ్ల తరబడి పిల్లల మెడలు తడిమి చూశారు, ఒంట్లో అయోడిన్ లెక్కలూ తీశారు. రెండూ ఒకే మాట చెప్పాయి. ఇవాళ మనం తినే అయోడిన్ ఉప్పు వెనక ఆ అధ్యయనం ఉంది. కొండల్లో వేలమందికి చేయగలిగిన పనిని ఏసీ క్లినిక్‌లో ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి చేయలేమా?

ఇప్పుడు నా విన్నపాలు.

ఒకటి. డోసు పెంచే ముందుగానీ తగ్గించే ముందుగానీ మాత్ర ఎప్పుడు, దేనితో, ఏ ఇతర మాత్రలతో వేసుకుంటున్నారు, ఎన్నిసార్లు తప్పింది, బయోటిన్ వాడుతున్నారా, బ్రాండు మారిందా, సీసా ఎక్కడ పెడుతున్నారు అని డాక్టరు అడిగి రాసుకోవాలి. రెండు నిమిషాల పని ఇది.

రెండు. డోసు మార్చితే చీటీ మీద కారణం ఒక్క వాక్యంలో రాయాలి. 'టీఎస్‌హెచ్ 9, మాత్రలు సరిగానే వేసుకుంటున్నారు' అని రాసినా చాలు. పక్కనే మళ్లీ పరీక్ష చేయించాల్సిన తేదీ ఉండాలి, అది ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతిది కావాలి.

మూడు. టీఎస్‌హెచ్ గీతల లోపల ఉండి పేషెంటు బాగోలేదంటే, హెమోగ్లోబిన్, షుగరు, బి12, నిద్ర, మనసు, నెలసరి సంగతులు చూడకుండా పంపించకూడదు. అవన్నీ చూశాక కూడా కారణం దొరకకపోతే, గీతల లోపలే ఉండేలా కొద్దిపాటి మార్పు కొన్ని వారాలు చేసి చూడడం తప్పు కాదు. కానీ మేలు కనబడకపోతే పాత డోసుకు తిరిగి వస్తామని ముందే చెప్పాలి.

నాలుగు. లక్షణాల పేరుతో టీఎస్‌హెచ్‌ను గీత కిందికి నెట్టకూడదు. బరువు తగ్గడానికి అసలే కూడదు. క్యాన్సరు వంటి కారణంతో దింపి ఉంచితే ఆ మాట పేషెంటు ఫైలు మొదటి పేజీలో రాసి ఉండాలి. గర్భం, డెబ్బై దాటిన వయసు, పిట్యూటరీ జబ్బు, గుండె జబ్బు కూడా అక్కడే కనిపించాలి.

అయిదు. డాక్టర్ల నిరంతర విద్యా కార్యక్రమాలకు మీరు క్రెడిట్లు ఇస్తారు. వాటిలో ఈ ఒక్క విషయానికి ఒక గంట కేటాయించండి. ఈ మాత్ర చీటీల్లో చాలావాటిని రాస్తున్నది ఎండోక్రైనాలజిస్టులు కారు, వీధి చివర ఫ్యామిలీ డాక్టర్లు. పాఠం వాళ్లకు చేరాలి. ల్యాబులు మీ పరిధిలోకి రావని తెలుసు. అయినా రిపోర్టు మీద వయసును, గర్భాన్ని బట్టి గీతలు వేరుగా అచ్చు వేయమని ఆరోగ్యశాఖకు మీరు రాస్తే, మా ఉత్తరం కన్నా దానికి బరువెక్కువ.

నాతోటి పేషెంట్లకూ ఒక మాట. రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర మానేయకండి. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అది నార్మల్ వచ్చింది. నీరసంగా ఉందని మీ అంతట మీరు ఒకటిన్నర వేసుకోకండి, పక్కింటావిడ డోసు మీకు కొలత కాదు. డాక్టరు దగ్గరికి పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో, వాడే మాత్రలన్నీ ఒక సంచిలో తీసుకెళ్లండి. 'నీరసం' అని ఊరుకోకుండా, ఎప్పటి నుంచి, ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి. డోసు మారితే ఎందుకు మార్చారో అడగండి. అడగడం ఎదిరించడం కాదు.

అధ్యక్షుల వారూ, ఈ మందు మేం బతికున్నంతకాలం వేసుకోవాల్సింది. డోసు నిర్ణయం మాత్రం మీరు నమోదు చేసిన డాక్టరు కలంలో ఉంది. ఆ కలం కదిలిన ప్రతిసారీ పేషెంటును విన్నామనీ, రిపోర్టును చూశామనీ చీటీ మీద ఒక్క వాక్యం కనిపించేలా ఆదేశం ఇవ్వండి. ఖర్చు లేని పని, చట్టం మార్చనక్కర్లేని పని. ఈ ఏడాదే చేయండి.

ఇట్లు,
ఒక థైరాయిడ్ పేషెంటు
వెస్ట్ మాంబలం, చెన్నై